మెయిన్ ఆపేశాక

మా బావ ఏ వస్తువునైనా ముందు చెయ్యి తిప్పి ముట్టుకుంటాడు. అరచేత్తో పట్టుకోడు. వేళ్ళ వెనకవైపు ఒకసారి అలా ఆనించి, ఏమీ కాలేదని తేలాకే పట్టుకుంటాడు. కరెంటున్న దాన్ని అరచేత్తో ముట్టుకుంటే వేళ్ళు ముడుచుకుపోయి దాన్నే గట్టిగా పట్టేసుకుంటాయట. వెనకవైపుతో ముట్టుకుంటే చెయ్యి దానంతటదే ఇవతలికి వచ్చేస్తుందట. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ ఆయన చెప్పే మొదటి పాఠం ఇదే. ఆ అలవాటు పని దగ్గరే ఆగితే బాగుండేది. ఇనుప గేటునీ, బస్సులో కడ్డీనీ కూడా అలాగే ముట్టుకుంటాడు. మా అక్కని చేసుకున్న కొత్తలో ఒకసారి మా ఇంటికొచ్చి, కూర్చోమంటే స్టీలు కుర్చీ వీపుకి చెయ్యి తిప్పి ఆనించాడు. "అల్లుడు కుర్చీకి జ్వరం చూస్తున్నాడేమిటే" అని మా నాన్న మా అమ్మ చెవిలో అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను ఇప్పటికీ ఏడిపిస్తుంటాను.

ఆయన ఎలక్ట్రీషియన్, నేను ప్లంబర్ని. ఆయనకి గోడ దొరికితే నాకూ సగం గోడ దొరికేది. జీవితమంతా ఒకే ఇళ్ళల్లో, ఒకరి దుమ్ము ఒకరు మింగుతూ పనిచేశాం. చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టరు ఉంటుంది కాబట్టి వీధిలో అందరూ ఆయన్ని టెస్టరనే పిలుస్తారు. నన్ను పిలవడానికి వాళ్ళకి పేరు అక్కర్లేదు, టెస్టరు బామ్మర్ది అంటే చాలు. దానికి నాకు మొదట్లో ఒళ్ళు మండేది.

"నీ పనిలో తప్పుంటే గోడ చెమ్మెక్కుతుందిరా. నా పనిలో తప్పుంటే మనిషి పోతాడు" అని దెప్పేవాడు.

"అందుకే బావా, నేనొస్తే జనం పంపు చూపిస్తారు, నువ్వొస్తే పిల్లల్ని లోపలికి లాక్కుపోతారు" అనేవాణ్ని.

చేతికి గ్లోవ్స్ మాత్రం ఏనాడూ వేసుకోలేదు. ఎవరో ఇచ్చిన రబ్బరు గ్లోవ్స్ కవరు విప్పకుండానే అటక మీద పడున్నాయి. అవి వేసుకుంటే చేతికి గంతలు కట్టినట్టుంటుందట. కరెంటంటే భయం ఉన్నవాడికి గ్లోవ్స్, తెలిసినవాడికి వేళ్ళు చాలు, ఇదీ ఆయన లెక్క. నేను వాదించేవాణ్ని కాదు. చాదస్తంతో వాదించి గెలిచినవాణ్ని నేను ఇంతవరకూ చూడలేదు.

అలాంటి మనిషికి కిందటి వానాకాలంలో పేగులో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేసి తీసేశారు. కుట్లు మానాయో లేదో నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. అప్పుడు డాక్టరు పిలిచి కీమో మొదలుపెట్టాలన్నాడు. ఒక్కసారితో పోదు, విడతలు విడతలుగా ఎక్కించాలి, మధ్యలో మానకూడదు అన్నాడు.

"గడ్డ తీసేశారు కదండీ, ఇంకా దేనికి?" అన్నాడు బావ.

"కంటికి కనపడనివి ఏమైనా మిగిలి ఉండొచ్చు."

"కనపడకపోతే ఉన్నాయని ఎలా చెప్తున్నారు?"

"లేవని చెప్పలేను కాబట్టి" అన్నాడు డాక్టరు. కోప్పడలేదు పాపం. మా మేనకోడలి వైపు తిరిగి మాత్రం మెత్తగా, విడమరిచి చెప్పాడు. మానేస్తే తిరిగొచ్చే ప్రమాదం బాగా ఎక్కువ, ఈసారి వస్తే ఒక ఆపరేషన్‌తో పోయేది కాదు అని.

బయటికొచ్చాక బావ మొండికేశాడు. దొరకని ఫాల్టుకి మందేమిటన్నాడు. నొప్పి లేదు, తిండి సయిస్తోంది, నిద్ర పడుతోంది, ఇంకేం కావాలన్నాడు. ఆయనకి రోగం వచ్చిందన్న సంగతి అసలు తలకెక్కనే లేదు. ఏదో పేగు మార్చారు, పనైపోయింది, అంతే. మేనకోడలు చంకలో పాపతో వరండాలో గోడవైపు తిరిగి ఏడ్చింది. కూతురు ఏడిస్తే చూడలేడు. చివరికి దిగొచ్చాడు గాని, షరతు పెట్టాడు.

"ఒక్కసారి ఎక్కించుకుంటానమ్మా. నాకు పడకపోతే మళ్ళీ రాను. అప్పుడు మీరెవరూ నన్ను అడక్కూడదు."

మేం సరేనన్నాం. ఒకసారి లోపలికి అడుగుపెడితే ఆయనే అలవాటు పడతాడులే అని నేను అక్కకి ధైర్యం చెప్పాను. లోపల నాకూ నమ్మకం లేదు. ఆ రెండోసారి వెళ్తాడా వెళ్ళడా అన్నదే మా ఇంటిల్లిపాదికీ ప్రాణసంకటమైంది.

కీమో ఎక్కించే గది పొడుగ్గా ఉంది. వరసగా వెనక్కి వాలే కుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో స్టాండు, స్టాండుకి చిన్న మిషను. కిటికీ పక్క కుర్చీ ఇచ్చారు. బావ దాని చేతికి చెయ్యి తిప్పి ఆనించి, అప్పుడు కూర్చున్నాడు. కూర్చున్నవాడు నిమిషం ఊరుకోలేదు. మిషను ప్లగ్గు గోడలో వదులుగా ఊగుతోందని కనిపెట్టి, జేబులోంచి టెస్టరు తీసి, లేచి వంగాడు.

"పెద్దాయనా, అది లోపల పెట్టండి" అంది నర్సు.

"వదులుగా ఉందమ్మా. ఏదో ఒకనాడు నిప్పురవ్వలు లేస్తాయి."

"మా మనిషొచ్చి చూసుకుంటాడు. మీరిక్కడ పేషెంటు."

ఆయన్ని ఎవరైనా ఆ మాట అనడం నేను విన్నంతలో అదే మొదటిసారి. ఆపరేషన్ అప్పుడు ఎవరైనా అన్నా మత్తులో ఉన్నాడు, మెలకువలో ఎవరూ ఇలా మొహం మీద అనలేదు. టెస్టరు జేబులో పెట్టుకుని కూర్చున్నాడు.

ముందు వాంతులు రాకుండా ఏదో ఎక్కించారు. అది అయ్యాక నర్సు లోపలికెళ్ళి వచ్చింది. వచ్చిన మనిషిని చూసి నేను ఇంకెవరో అనుకున్నాను. ఒంటికి గౌను, కళ్ళకి అద్దాలు, చేతులకి గ్లోవ్స్, వాటి మీద ఇంకో జత గ్లోవ్స్. చేతిలో నీళ్ళలాగే ఉన్న మందు సంచి. దాన్ని ఒంటికి దూరంగా పట్టుకుంది.

బావ ఆ గ్లోవ్స్ వంకే చూస్తున్నాడు.

"ఏమ్మా, ఇన్ని తొడుక్కున్నావేం?"

"మందు మీద పడకూడదండి. రోజూ ముట్టుకునేవాళ్ళం కదా."

"పడితే ఏమవుతుంది?"

"చర్మానికి మంచిది కాదు" అని చెప్పి ఆమె ట్యూబు తగిలించే పనిలో పడింది. రోజూ వందమందికి చెప్పే మాట లాగే చెప్పింది.

బావ ముఖంలో నెత్తురుచుక్క లేదు. నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగాడు. "ఆమె చర్మానికి తగలకూడనిది నా నరంలోకి ఎక్కిస్తోందిరా" అన్నాడు. గ్లోవ్స్ వేసుకునేవాళ్ళని చూసి జీవితమంతా నవ్విన మనిషి. చుక్క తర్వాత చుక్క పడుతూనే ఉంది. ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం.

అయిపోయాక నర్సు జాగ్రత్తలు చెప్పింది. మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలి, జ్వరమొస్తే క్షణం ఆగకుండా ఫోన్ చెయ్యాలి, రెండు మూడు రోజులు బాత్రూం వేరుగా వాడుకోవాలి. చివర్న, "ఇంకొకటి, కొన్నాళ్ళు చల్లటివి ముట్టుకోవద్దు, చల్లటి నీళ్ళు తాగొద్దు. ఈ మందుకి చల్లదనం పడదు" అంది.

మా అక్క వెంటనే అందుకుంది. "మా అమ్మ చచ్చేదాకా అదే మొత్తుకుందమ్మా, చల్లవి పడవురా అని. ఈయనకి జలుబు చేస్తే ఇల్లంతా ఏకం చేస్తారు."

నర్సు ఇంకేదో చెప్పబోయింది. ఈలోపు అవతలి కుర్చీ దగ్గర మిషను కీచుమంది, అటు పరిగెత్తింది. మేమూ ఆగలేదు. చల్లవి ముట్టుకోవద్దని చెప్పని తల్లి ఎవరుంటారు? దగ్గొస్తే అదే మాట, గొంతు బొంగురుపోతే అదే మాట, పరీక్షల ముందూ అదే మాట. వినీ వినీ మా చెవులు కాయలు కాశాయి. జలుబు సంగతేగా అనుకుని మెడకి మఫ్లరు చుట్టి తీసుకుపోయాం.

ఆసుపత్రికి దగ్గరని బావనీ అక్కనీ కూతురింట్లోనే దింపాను. ఆ ఇల్లు కిందటేడు కట్టారు. వైరింగంతా బావ చేతిపని, పైపులన్నీ నావి. పునాదులప్పుడే పాప కడుపులో ఉందని తెలిసింది. ఇక చూడాలి ఆయన హడావిడి. ప్రతి పాయింటుకీ ఎర్త్ వైరు లాగాడు. కింద ప్లగ్గులన్నిటికీ లోపల మూతలున్నవి పెట్టాడు. ఎక్కడ రవ్వంత కరెంటు లీకైనా మెయిన్ తనంతట తనే పడిపోయేలా ఒక స్విచ్చి బిగించాడు. ఎర్త్ గుంత తవ్వడానికి కూలివాళ్ళొస్తే వాళ్ళ చేతిలో గడ్డపార లాక్కుని తనే తవ్వాడు. "నా మనవరాలు గోడ నాకినా ఏం కాదురా" అన్నాడు. ఆ మనవరాలికి ఇప్పుడు పాకడం వచ్చింది. ఇల్లంతా ఊడ్చిపెడుతుంది, అందింది లాగుతుంది. పిడుగని పేరు పెట్టుకున్నాం.

మర్నాడు పొద్దున్నే నాకు ఫోనొచ్చింది. బావ.

"ఒరేయ్, ఉన్నపళాన రా. నీ పంపు షాక్ కొడుతోంది."

చలికాలం. దుప్పటి తీయబుద్ధి కావడం లేదు. "ప్లాస్టిక్ పైపులో షాకేమిటి బావా, కలొచ్చిందా" అన్నాను.

"నవ్వకు. పిల్ల పాకుతోందిరా ఇంట్లో" అన్నాడు. ఆ గొంతు విని లేచి కూర్చున్నాను.

నేను వెళ్ళేసరికి అక్క, మేనకోడలు, పిడుగు ముగ్గురూ చెక్కమంచం మీద వరదొచ్చినట్టు కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నారు. మేనకోడలి మొగుడు పని మీద ఊరెళ్ళాడు. బావ రబ్బరు చెప్పులేసుకుని, మఫ్లరు చుట్టుకుని, టెస్టరు పట్టుకుని హాలు మధ్య నిలబడ్డాడు. రాత్రి వాంతులు చేసుకున్నాడట, కళ్ళు లోపలికి పోయాయి. అయినా నిలబడే ఉన్నాడు.

"మొహం కడుక్కుందామని పంపు తిప్పాను. వేళ్ళ కొసల నుంచి మణికట్టు దాకా లాగేసింది. గీజరు లీకనుకుని ఆపేశాను. మళ్ళీ ముట్టుకుంటే మళ్ళీ కొట్టింది."

నేను వెళ్ళి పంపు పట్టుకున్నాను. మంచుగడ్డలా ఉంది గాని, షాకూ లేదు గీకూ లేదు. అదే చెప్పాను.

"నీ చేతులు పైపులు తిప్పీ తిప్పీ మొద్దుబారి చచ్చాయి" అన్నాడు. ఫ్రిజ్ దగ్గరికెళ్ళి తలుపుకి చెయ్యి తిప్పి ఆనించాడు. చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. వరండా గ్రిల్లు, అదే వరస. బాత్రూం తలుపు గొళ్ళెం, అదే వరస. నేను ఆయన వెనకే తిరుగుతూ ఒక్కొక్కటీ పట్టుకుని చూస్తున్నాను. నాకు ఏమీ కావడం లేదు. ప్రతిదానికీ టెస్టరు పెట్టాడు, ఎక్కడా వెలగలేదు. టెస్టరు పోయిందేమోనని ప్లగ్గులో పెట్టి చూశాడు. శుభ్రంగా వెలిగింది.

"ఇంత లీకవుతుంటే మెయిన్ ఎందుకు పడలేదు?" అని తనలో తనే గొణుక్కున్నాడు. తను బిగించిన ఆ స్విచ్చికి పరీక్షించే బొత్తాం ఒకటుంటుంది, టెస్టరు పిడితో నొక్కాడు. ఠక్కున పడి ఇల్లంతా ఆగిపోయింది. దాన్ని మళ్ళీ పైకెత్తాడు. అది సరిగ్గానే పనిచేస్తోంది. అది చూశాకే ఆయన నిజంగా భయపడ్డాడు. తప్పెక్కడో దొరికితే మనిషికి ధైర్యం. అన్నీ సరిగ్గా ఉండి కూడా షాక్ కొడుతుంటే ఎక్కడని వెతుకుతాడు? పైగా తన చేతిపని, తన మనవరాలి ఇల్లు. ఆయనకి తల కొట్టేసినట్టయింది. నాకేమో నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"పోనీ మెయిన్ పూర్తిగా ఆపేసి చూడు బావా" అన్నాను.

ఆపేశాడు. ఫ్రిజ్ శబ్దం పోయింది. లైటు లేదు, ఏ స్విచ్చి మీదా ఎర్రదీపం లేదు. వెళ్ళి ఫ్రిజ్ తలుపు ముట్టుకున్నాడు. చెయ్యి ఎగిరి వెనక్కొచ్చింది.

అక్క మంచం మీద నుంచి, "ఏమండీ, వదిలెయ్యండి, ఒంట్లో ఓపిక లేదు" అంటూనే ఉంది. ఆయన వినే స్థితిలో లేడు. పక్కింట్లో ఫాల్టుంటే ఎర్త్ లోంచి ఇటు రావచ్చన్నాడు. ప్లాస్టిక్ పిడి స్క్రూడ్రైవరు తీసుకుని ఎర్త్ వైరు కూడా ఊడదీశాడు. ఇక ఆ ఇంటికీ బయటి లోకానికీ ఏ వైరూ మిగల్లేదు. మళ్ళీ వచ్చి గ్రిల్లు ముట్టుకున్నాడు. మళ్ళీ కొట్టింది.

అప్పుడు ఆయనకి ఏం తోచిందో, చెక్కస్టూలు లాగి దాని మీద ఎక్కి నిలబడ్డాడు. "అమ్మాయ్, స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి ఇలా అందించు" అన్నాడు. మేనకోడలు మంచం దిగి, ఫ్రిజ్‌లో సీసా తీసి గ్లాసులో పోసి ఇచ్చింది.

"చూడరా. కింద చెక్క, కాళ్ళకి రబ్బరు. గోడని తాకలేదు, వైరుని తాకలేదు. ఇప్పుడు నాకు ఎక్కణ్ణుంచీ కరెంటు రావడానికి దారి లేదు" అన్నాడు. చిన్నపిల్లాడికి పాఠం చెప్పినట్టు చెప్పి, గ్లాసు అందుకున్నాడు.

గ్లాసు చేతిలోంచి ఎగిరిపడింది. నీళ్ళు గచ్చంతా పారాయి.

స్టూలు మీద అలాగే కొయ్యబారిపోయాడు. కాసేపటికి టెస్టరు తీశాడు. ఎడమచేతి మణికట్టు మీద దాని మొన ఆనించి, లోపలి దీపం వంక చూశాడు. అది వెలగదని ఆయనకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు? అయినా చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఆ దృశ్యం నేను చచ్చేదాకా మరిచిపోను.

"నాలోనే ఉందిరా" అన్నాడు.

చెయ్యి పట్టి దింపి కుర్చీలో కూర్చోబెట్టాను. నాలిక పిడచకట్టుకుపోయిందంటే, ఆ కంగారులో మేనకోడలు చేతికందిన అదే సీసాలో నీళ్ళు ఇంకో గ్లాసులో పోసి నోటికి అందించింది. ఒక గుక్క మింగాడు. అంతే, గొంతు బిగుసుకుపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి, రెండు చేతులూ మెడ మీదికి పోయాయి. ఊపిరి తీసుకుంటున్నాడో లేదో తెలియలేదు. అక్క పెద్దగా ఏడ్చింది. ముప్పై అంతస్తుల మేడలో పైపు పగిలినా కంగారుపడని నేను, ఆయన వీపు నిమురుతూ, బావా బావా అనడం తప్ప ఏమీ చేయలేకపోయాను. మేనకోడలే తెలివి తెచ్చుకుని ఆసుపత్రికి ఫోన్ చేసింది.

నర్సు అడిగిన మొదటి మాట, "చల్లటి నీళ్ళు తాగారా?"

మేనకోడలు ఫోన్‌ని అందరికీ వినపడేలా పెట్టింది. "భయపడకండి, గాలి లోపలికి వెళ్తూనే ఉంటుంది. గోరువెచ్చటి నీళ్ళు చిన్న చిన్న గుక్కలు పట్టించండి. వేడి గుడ్డ గొంతుకి పెట్టండి. తగ్గకపోతే వెంటనే తీసుకొచ్చెయ్యండి" అంది. గ్యాసు మీద నీళ్ళు కాచి పట్టించాం. రెండు మూడు గుక్కలకి బిగుసుకున్నది వదిలింది. బావ ఒక పెద్ద ఊపిరి తీశాడు. నేనూ తీశాను.

అప్పుడు నర్సు విడమరిచి చెప్పింది. ఆ మందు నరాల మీద పనిచేస్తుందట. చల్లటిది ఏది తగిలినా కొన్నాళ్ళు షాక్ కొట్టినట్టు ఉంటుందట, గొంతులోకి పోతే గొంతు పట్టేస్తుందట, అది పోయేదే గాని ప్రాణానికి ఏమీ కాదట. "చల్లవి ముట్టుకోవద్దని చెప్పాను కదమ్మా" అంది. అంది గాని, "ఎందుకో కూడా చెప్పాల్సింది" అని కూడా అంది. మేమేం అంటాం? జలుబు చేస్తుందని మఫ్లరు చుట్టిన మేధావులం మేం. తాత పాపని ఎత్తుకోవచ్చా అని మేనకోడలు అడిగింది. భేషుగ్గా ఎత్తుకోవచ్చని చెప్పి, వేళ్ళు ఎప్పుడైనా తిమ్మిరిగా ఉండిపోతే చెప్పండి, వచ్చేసారి డాక్టరుగారు మందు తగ్గించి ఇస్తారు అంది నర్సు.

ఫోన్ పెట్టేశాక బావ తన చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. "వచ్చేసారి లేదు" అన్నాడు.

అక్క చేతిలోని వేడి గుడ్డ కింద పెట్టి ఆయన వైపు తిరిగింది.

"ఒక్కసారన్నాను, అయింది. ఆపడానికి మెయిన్ లేనిదాన్ని ఒంట్లో పెట్టుకుని నేను తిరగలేను. ఈ వేళ్ళతోనే బతికాను. ఇవే నాకు అబద్ధం చెప్తుంటే ఇంక నేనెందుకు?"

నాకు ఒళ్ళు మండింది. భయపడ్డప్పుడు నాకు కోపమొస్తుంది, అది నా గుణం. "ఊరంతటికీ నీతులు చెప్తావు, కనపడకపోయినా కరెంటు ఉంటుంది ముట్టుకోకండ్రా అని. నీ కడుపులో కనపడనిది ఉందంటే మాత్రం నమ్మవు. డాక్టరు నీకు అదేగా చెప్పింది?" అన్నాను. "నువ్వు పోతే మా అక్క మొహం నేను చూడాలి. నీకేం, హాయిగా పోతావు."

అన్నాక నాలిక కరుచుకున్నాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన తలెత్తలేదు. కోప్పడినా బాగుండేది. "ముందు ఎర్త్ బిగించి మెయిన్ వెయ్యరా, పిల్ల పాలు విరిగిపోతాయి" అన్నాడు అంతే.

నేను మెయిన్ వేయడమా? ఇన్నేళ్ళలో ఏనాడూ నన్ను దాని ఛాయలకి రానివ్వలేదు. వైరు ఎక్కడ బిగించాలో కుర్చీలోంచే చెప్పాడు, బిగించాను. స్విచ్చి మీద చెయ్యి వెయ్యబోతుంటే, "చెయ్యి తిప్పి" అన్నాడు. వేళ్ళ వెనకవైపు ముందు మెయిన్ డబ్బాకి ఆనించి, ఏమీ కాలేదని చూసుకుని, అప్పుడు స్విచ్చి పైకెత్తాను. ఫ్రిజ్ మళ్ళీ మోగింది.

ఆ గొడవలో పిడుగు మంచం దిగిపోయిందని ఎవరూ చూడలేదు. స్టూలు దగ్గర ఒలికిన నీళ్ళు ఎవరూ తుడవలేదు. ఫ్రిజ్ నీళ్ళు, పైగా ఆ చలిలో చల్లటి గచ్చు. రెండు చేతులతో ఆ నీళ్ళలో టపటపా కొట్టుకుంటూ ఆడుతోంది. నన్ను చూసి నవ్వి, తాత వైపు పాకింది. వెళ్ళి ఆయన మోకాలు పట్టుకుని నిలబడింది. ఎత్తుకోమని చెయ్యి చాచింది.

బావ చెయ్యి ముందుకు పెట్టాడు. అలవాటు కదా, చెయ్యి తిప్పి, వేళ్ళ వెనకవైపు పెట్టాడు. పిడుగుకి ఈ పాఠాలేం తెలుసు? ఆ చేతిని తనవైపు తిప్పుకుని, తడిచేత్తో అరచేతి వైపు నుంచి రెండు వేళ్ళు గుప్పిట్లో బిగించింది.

ఆయన ఒళ్ళంతా ఒక్కసారి జర్రున లాగింది. నేను చూశాను. పళ్ళు బిగించాడు, మెడ నరాలు పొంగాయి, కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. చెయ్యి మాత్రం వెనక్కి రాలేదు. షాక్ కొడితే చెయ్యి లాగెయ్యాలని ఊరందరికీ నేర్పినవాడు, కొడుతున్నదాన్ని పట్టుకునే కూర్చున్నాడు.

"వదిలించుకో బావా" అన్నాను.

"ఉండనీరా."

పిడుగు ఆ వేళ్ళు పట్టుకుని ఊగుతోంది, నవ్వుతోంది. దాని గుప్పిట్లో తడి మెల్లగా వేడెక్కిందో, ఆయనకే ఓర్పొచ్చిందో తెలియదు, ముఖం కొంచెం కొంచెంగా వదులైంది. వంగి దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. మేనకోడలు పరిగెత్తుకొచ్చి తువ్వాలుతో దాని చేతులు తుడిచింది. ఎవరం ఏమీ అడగలేదు. అడక్కూడదని మాటిచ్చాం కదా.

చాలాసేపటికి ఆయనే పిలిచాడు.

"ఒరేయ్, మా ఇంటి అటక మీద గ్లోవ్స్ ఉన్నాయి చూడు, కవరు కూడా విప్పలేదు."

"రబ్బరువి బావా అవి. చలికి పనికిరావు."

"అయితే ఉన్నివి కొను" అన్నాడు పాప తల మీద గడ్డం ఆనించి. "రెండు జతలు కొను. వచ్చేసారికి కావాలి."